కెటిల్‌బెల్: తొలి బరువెంత?

పిడి గల ఇనుపగుండే కెటిల్‌బెల్. రష్యనులు గిర్యా అంటారు. వారి పాత తూనిక ‘పూద్’ సుమారు 16 కిలోలు. ఆ లెక్కతోనే కాబోలు, మగవారికి 16, ఆడవారికి 8 అని వ్యాయామశాలల్లో ఒకే మాటగా చెప్పేస్తుంటారు. ఇది నాకు సమ్మతం కాదు. అర్ధబలంతోనే వ్యాయామం చేయాలనీ, నోటితో శ్వాస తీయవలసి రావడమే దానికి గుర్తనీ సుశ్రుతుడు చెప్పాడు. నా దృష్టిలో, ఒంటిచేత్తో తడబడక ఐదుసార్లు తలపైకెత్తాక మరో ఐదుసార్లకు శక్తి మిగిల్చే బరువే ఆరంభానికి తగినది. మరీ తేలికైనదీ కూడదు; తుంటి బలంతో ఊపవలసినదానిని చేతులతో లాగే దురలవాటు పడుతుంది. తొలివారం గుండు ముట్టక, వెన్ను వంచకుండా తుంటి వద్ద వంగడం నేర్చుకోండి. పిదప నేలనుండి ఎత్తడం, ఆ తరువాతే ఊపడం. హెర్నియా, అధిక రక్తపోటు, నడుమునొప్పి గలవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి.