వదులు తీగా? లావు తీగా?

పిల్లలూ! నాలుగు తీగల బాస్ గిటారులో అన్నిటికన్నా లావైన ‘ఇ’ తీగ సెకనుకు 41.2 సార్లు కంపిస్తుంది. దాన్ని 30.9 దగ్గరుండే ‘బి’ స్వరానికి దించాలి. బిరడా తిప్పి వదులు చేస్తే సరిపోదా అంటారేమో. నేనొప్పుకోను. పౌనఃపున్యం తన్యత వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుందని పరీక్షకు వల్లించారు గదా, ఇక్కడ వాడండి: తన్యత 56 శాతానికి పడిపోతుంది! ఆ వదులు తీగ మెట్లకు కొట్టుకుని గరగరమంటుంది; గట్టిగా మీటితే శ్రుతి నిలవదు.

బిగువు ఉంచి బరువు పెంచడమే సరైన దారి. అందుకే 0.105 అంగుళం తీగ తీసి 0.130 వేస్తారు. (అది ఒంటి కడ్డీ కాదు, ఉక్కు తీగపై మరో తీగ చుట్టినది. లేకుంటే వంగదు.) తీగ కూర్చునే గాడిని కాస్త వెడల్పు చేయాల్సి రావచ్చు, రానివ్వండి.

నిజానికి తన్యత మారకూడదంటే 0.130 కూడా చాలదు. రెండు తీగల చుట్టుడు ఒకేలా ఉందనుకుని మీరే లెక్క కట్టండి. నాకు 0.140 వచ్చింది.