సోఫా సరే... కూర్చునేదెవరు?

ఎలమంచిలి లాంటి ఊళ్లలో చాలా ఇళ్ల హాళ్లలో కనిపించే దృశ్యమే ఇది. గోడ వారగా మెత్తని, వెడల్పాటి సోఫా సెట్టు. దాని మీద మాయకుండా ఓ దుప్పటి. పక్కనే ప్లాస్టిక్ కుర్చీ... అందులో నానమ్మ! ‘సోఫాలో కూర్చోవచ్చుగా’ అని ఎవరైనా అంటే, ‘వద్దులే నాయనా, కూర్చుంటే మళ్లీ లేవలేను’ అంటుంది. వేలకు వేలు పోసి కొన్న వస్తువు, ఇంట్లో అందరికంటే ఎక్కువసేపు ఉండే మనిషికే పనికిరాదన్నమాట. టీవీ ఎదుటి చోటంతా సోఫాదే కాబట్టి, ఆవిడ కుర్చీ మెల్లగా వంటింటి గుమ్మం దాకా జరుగుతుంది. నలుగురి మాటలకూ అంతే దూరం జరుగుతుంది.

తప్పు సోఫాది కాదు, కొన్న తీరుది. ఇంట్లో పెళ్లి కుదిరిందనో, పైన ఇంకో అంతస్తు వేశామనో సోఫా మాట మొదలవుతుంది. ఇంటిల్లిపాదీ అనకాపల్లికో, సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నానికో బయల్దేరతారు. ఇంటికి కాపలా నానమ్మ. ఏసీ షోరూమ్‌లో రంగు చూస్తారు, చేత్తో నొక్కి చూస్తారు, రెండు నిమిషాలు కూర్చుని ‘భలే ఉంది’ అనేస్తారు. చుట్టాలు చూసి మెచ్చుకుంటారా లేదా అన్నదే అక్కడ అసలు లెక్క. ఆ చుట్టాలు వచ్చేది ఏడాదికి ఎన్నిసార్లని!

నిజానికి షోరూమ్‌కి ముందుగా తీసుకెళ్లాల్సింది ఇంట్లోని పెద్దవాళ్లనే. కూర్చున్నప్పుడు పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. మోకాళ్లు తుంటి కన్నా పైకి లేవకూడదు. సీటు నేల నుంచి 17 నుంచి 19 అంగుళాల ఎత్తులో ఉంటే చాలామంది పెద్దవాళ్లకు లేవడం తేలిక. మరీ పొట్టి మనిషైతే కాస్త తగ్గించుకోవాలి. ఇప్పుడు ముచ్చటగా కనిపించే సోఫాల్లో కొన్ని 15 అంగుళాలే ఉంటాయి. కూర్చోగానే మరో రెండు మూడు అంగుళాలు దిగిపోతాయి. కాబట్టి టేపు పెట్టాల్సింది ఖాళీ సీటుకు కాదు, మనిషి కూర్చున్నాక. తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవాళ్లను కొంతకాలం పాటు పల్లపు సీట్లలో కూర్చోవద్దని డాక్టర్లు చెప్పేది కూడా ఇందుకే.

ఎత్తు ఒక్కటీ చూస్తే చాలదు, లోతూ చూడాలి. వీపు వెనక్కి ఆనించి కూర్చున్నాక, సీటు అంచుకూ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్ల సందు మిగలాలి.  లోతు 24 అంగుళాలు దాటితే వీపు ఆనదు... ఆనితే కాళ్లు గాల్లో ఉంటాయి. చేతులు ఊని లేవడానికి రెండు పక్కలా గట్టి చేతులుండాలి. దిండులా మెత్తగా ఉండే చేతులు ఊతానికి పనికిరావు.

అన్నట్టు సోఫా అనే మాట అరబ్బీలోని ‘సుఫ్ఫా’ నుంచి వచ్చిందంటారు. అంటే కూర్చునేందుకు ఎత్తుగా కట్టిన తిన్నె. ఆ లెక్కన అది మన వీధి అరుగుకు చుట్టమే. అరుగు మీద కూర్చుని లేవడానికి మాత్రం ఏ నానమ్మా ఇబ్బంది పడినట్టు కనపడదు!

ఇక రెండో సంగతి గాలి. రాంబిల్లి, అచ్యుతాపురం వైపు వెళ్తే సముద్రమే. ఆ తేమ ఎలమంచిలి ఇళ్లలోకీ వస్తుంది. తోలులా మెరిసే లెదరెట్ సోఫాల్లో చాలావాటికి గుడ్డ మీద పాలీయూరిథేన్ పూత ఉంటుంది. గాలిలోని తేమతో, వేడితో ఆ పూత లోలోపలే విడిపోతుంది. కొన్నేళ్లకు పొలుసులు పొలుసులుగా రాలుతుంది. జాగ్రత్తగా వాడుకున్నా రాలక మానదు. పాత రకం రెక్సిన్ అలా రాలకపోయినా, మే నెలలో కరెంటు పోయినప్పుడు వీపుకు అంటుకుని ఊడిరాదు. ఇక్కడి వాతావరణానికి గాలాడే గుడ్డే మేలు. కవర్లకు జిప్పు ఉంటే తీసి ఉతుక్కోవచ్చు. కొత్తదనం పోకూడదని షోరూమ్ ప్లాస్టిక్ కవరు నెలల తరబడి అలాగే ఉంచేవాళ్లున్నారు. లోపల చెమ్మ చేరి బూజు పట్టేది అక్కడే.

జిప్పు వల్ల ఇంకో లాభం కూడా ఉంది... లోపలి స్పాంజి చూడొచ్చు. కొట్లో 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అంటుంటారు. ఒక ఘనపు మీటరు స్పాంజి ఎన్ని కిలోలు తూగుతుందన్నదే ఆ అంకె. రోజూ కూర్చునే సీటుకు 32కు తగ్గకూడదు. వీపు వైపు తక్కువున్నా పర్లేదు. డెన్సిటీ ఎక్కువంటే గట్టిగా ఉంటుందని కాదు, త్వరగా గుంట పడదని.

చెక్క విషయంలో ఈ ప్రాంతం వాళ్లకు వేరే పాఠం అక్కర్లేదు. పక్కనే ఏటికొప్పాక ఉంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన అక్కడి లక్కబొమ్మలకు అంకుడు కర్రే కావాలి. మెత్తగా ఉండి చక్కగా తరిణె పడుతుంది. అదే కర్రతో సోఫా చేస్తామని ఎవరూ అనరు. ఏ పనికి ఆ కర్ర. సోఫాకు టేకు మంచిదన్నది నిజమే, కానీ టేకంతా ఒకటి కాదు. చెదలకు లొంగనిది ముదురు రంగు చేవ. దాని చుట్టూ ఉండే తెల్లచెక్కను పురుగు తొలిచేస్తుంది. రంగు కొట్టి పాలిష్ పెట్టాక రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, వడ్రంగి చేత చేయించుకునేవాళ్లు పాలిష్‌కు ముందే చెక్కను చూసుకోవాలి. సరిగా ఆరని చెక్క వాడితే ఎండాకాలానికి అతుకులు విడిపోతాయి.

కొట్లో కొనేవాళ్లు సోఫాను వెల్లకిలా తిప్పించి, అడుగున ఉండే నల్లగుడ్డ పక్కకు తీయించి చూడాలి. కొట్టువాడు మొహం చిట్లిస్తే చిట్లించనీ! ప్లైవుడ్ అయితే దాని మీద ఐఎస్ 303 అని ఉందో, ఐఎస్ 710 అని ఉందో చూడాలి. రెండోది మెరైన్ ప్లైవుడ్, నీటిని బాగా తట్టుకుంటుంది. పొట్టును అదిమి చేసిన బోర్డుతో కాళ్లో అడుగుచట్రమో ఉంటే మాత్రం రోజూ తడిగుడ్డతో తుడిచే ఇళ్లలో ఉబ్బిపోవడం ఖాయం. ఇంకో పరీక్ష... ముందు కాలొకటి పట్టుకుని జానెడు ఎత్తితే రెండో ముందుకాలు కూడా వెంటనే లేవాలి. అది నేలమీదే ఉండిపోతే చట్రం వదులన్నమాట.

కొలత దగ్గర చదివేసిన పాత పేపర్లు బాగా పనికొస్తాయి. సోఫా పొడవు వెడల్పుల మేరకు హాల్లో నేలమీద పేపర్లు పరిచి, రెండు రోజులు వాటి చుట్టూ తిరిగి చూడాలి. బీరువా తలుపు తెరుచుకుంటుందా, నానమ్మ గోడ పట్టుకుని నడిచే దారి మూసుకుపోతుందా అన్నది అప్పుడు తెలుస్తుంది. ఎల్ షేప్ మోజు సగం అక్కడే తీరిపోతుంది. వీధి గుమ్మం వెడల్పు, మెట్ల మలుపు కూడా కొలవాలి. పై అంతస్తుకు ఎక్కని సోఫాను తాళ్లు కట్టి బాల్కనీలోంచి లాగించాల్సి వచ్చిన ఇళ్లు తక్కువేం కాదు.

అసలు కొత్తది కావాలా అన్న ప్రశ్న కూడా ఉంది. చేవ టేకుతో చేసిన పాత సోఫా ఇంట్లో ఉంటే, అతుకులు బిగించి, కొత్త స్పాంజి, కొత్త గుడ్డ వేయిస్తే చాలు. ఎత్తు చాలకపోతే కాళ్ల కింద చెక్క దిమ్మలు బిగిస్తారు. నానమ్మ కోసం ఆ ఒక్క పని వెంటనే చేయించుకోవచ్చు. పాలిష్ మాత్రం వానాకాలంలో వద్దు. గాలిలో తేమకు పైన తెల్లగా మబ్బు కమ్మినట్టయిపోతుంది. సంక్రాంతి ముందు వడ్రంగులు దొరకరు కాబట్టి, పండగ వెళ్లాక మాఘమాసంలో పెట్టుకుంటే చెక్కా ఆరుతుంది, మనిషీ తీరిగ్గా చేస్తాడు.