రక్త పరీక్షా, నోటి మాటా

ఉద్దానం వైపు పలకరింపులు మారిపోయి చాలా ఏళ్లయింది. జీడిపూత ఎలా ఉంది, కొబ్బరి రేటెంత అని అడిగినంత మామూలుగా ‘క్రియాటిన్ ఎంతుంది?’ అని అడుగుతారు. డాక్టర్లు క్రియాటినిన్ అంటారు, మావాళ్లకి అది క్రియాటిన్. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా తన నంబరు పాయింటుతో సహా చెప్తుంది. ఒకటి అంటే హమ్మయ్య అనుకుంటారు. ఐదు దాటిందంటే వింటున్నవాళ్ల ముఖాలు మారిపోతాయి. ఒక్క అంకె నోట్లోంచి బయటికొస్తే ఆ ఇంటికి పెళ్లి సంబంధాలు రావడం కూడా తగ్గిపోతుంది.

మా అమ్మ పుట్టిల్లు సుమ్మాదేవి దగ్గర. పలాసకీ మందస రోడ్డుకీ మధ్య చిన్న స్టేషను, పెద్ద బళ్లు ఆగవు. ఉద్దానం అనే పేరు ఉద్యానవనం నుంచి వచ్చిందంటారు. కొబ్బరి, జీడి, పనస తోటలు చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ చెట్లని నేలకూల్చినా జనం మళ్లీ మొక్కలు నాటుకున్నారు. కానీ ఆ పేరుకి పట్టిన చీడ మాత్రం వదల్లేదు. ఇప్పుడు వైద్య పత్రికల్లో ‘ఉద్దానం నెఫ్రోపతీ’ అని రాస్తున్నారు. తోట అనే అర్థమున్న మాట జబ్బు పేరైపోయింది. మాటకి బలం ఉందా లేదా అని నన్నెవరైనా అడిగితే ముందు ఇదే చూపిస్తాను.

అయితే ఈ వారం రాయాలనుకున్నది ఇంకో రకం బలం గురించి. ఆదివారం మందిరానికి వెళ్లేవాళ్లకీ, పొద్దున్నే యూట్యూబ్‌లో వాక్యం వినేవాళ్లకీ ఇది కొత్త కాదు. ‘నీ నోటితో ఏం పలుకుతావో అదే నీకు జరుగుతుంది. రోగం అనే మాట నోట రానివ్వకు. నాకు బాగైపోయింది అని పలుకు, బాగైపోతుంది.’ ఈ బోధ మన పల్లెల్లో పుట్టింది కాదు. అమెరికాలో ఇ.డబ్ల్యు. కెన్యన్ (1867–1948) రాతల్లో మొలకెత్తి, కెన్నెత్ హేగిన్ (1917–2003) చేతిలో పెద్ద చెట్టయ్యింది. తర్వాత టీవీ మీద, ఇప్పుడు ఫోన్ మీద ఉద్దానం దాకా వచ్చేసింది.

దీన్ని వెక్కిరించడం తేలిక. నేను వెక్కిరించను. పొద్దస్తమానం ‘నా పని అయిపోయింది’ అని ఏడ్చే మనిషి పక్కన మీరెప్పుడైనా కూర్చున్నారా? ఆ మాట ఇంట్లో అందరినీ కుంగదీస్తుంది. దాని బదులు ‘దేవుడు నన్ను వదల్లేదు’ అనుకునే మనిషి మందు బిళ్ల వేళకి వేసుకుంటాడు, అన్నం తింటాడు. ఇది నేను కళ్లారా చూశాను. ధైర్యం చెప్పే మాట వేరు, మంత్రంలా పలికే మాట వేరు. చిక్కంతా ఈ రెంటినీ కలిపేయడంతోనే వస్తోంది.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ప్రోగ్రాముల్లో ఎక్స్ ఈక్వల్ టు 1 అని రాస్తే, అంతకు ముందు ఎక్స్ ఎంతున్నా సరే, ఆ క్షణం నుంచి అది 1. పలికితే చాలు, అయిపోతుంది. రోజుకి పది గంటలు అలాంటి మాటలు రాసేవాణ్ణి కాబట్టి ఆ సుఖం నాకు బాగా తెలుసు. కానీ మన ఒంట్లో రక్తం కంప్యూటరు కాదు. క్రియాటినిన్ 1 అని మనం ప్రకటిస్తే అది మన మాట వినదు. ఇంకోటి కూడా ఉంది. ప్రోగ్రాములో ఎర్రర్ మెసేజ్ కనబడకుండా నొక్కేయడం చాలా సులువు. తెర మీద అంతా పచ్చగానే ఉంటుంది. ఏదో ఒక అర్ధరాత్రి మొత్తం కూలిపోతుంది.

ఉద్దానం కిడ్నీ జబ్బు సరిగ్గా అలాంటిదే. మొదట్లో నొప్పి ఉండదు. షుగరు, బీపీ లేనివాళ్లకి కూడా వస్తుంది. నీళ్లా, ఎండలో పనా, ఇంకేదైనానా అని ఇన్నేళ్లుగా పరిశోధనలు చేస్తున్నా ఇదీ కారణం అని తేలలేదు. కాళ్లు వాచి, ఆయాసం వచ్చి మనిషికి తెలిసేసరికి కిడ్నీలు చాలామటుకు పాడైపోయి ఉంటాయి. ముందే తెలుసుకునే దారి రక్తమూ మూత్రమూ పరీక్ష చేయించుకోవడమే. అలాంటి చోట ‘రోగం మాట నోట రానివ్వకు’ అని చెప్తే వినేవాళ్లకి అది ఎలా అర్థమవుతుంది? పరీక్షకి వెళ్లకు అనే కదా!

నాకు పెద్దమ్మ వరస అయ్యే ఒకావిడ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. ఆశా కార్యకర్త రక్తం ఇవ్వమని వచ్చినప్పుడల్లా ఒకటే జవాబు: ‘నాకేటీ నేదమ్మా, దేవుడు బాగుసేసీసినాడు.’ ఫోన్లో ఒక ప్రసంగం విన్నదట. పరీక్షకి వెళ్తే అనుమానించినట్టే అనీ, అనుమానిస్తే స్వస్థత పోతుందనీ. ఏడాది ఇలాగే గడిచింది.

ఆ ప్రసంగం చేసినాయన ఎవరైనా గానీ, లూకా సువార్త మొదటి అధ్యాయం ఇంకోసారి చదివితే బాగుండును. ముసలి యాజకుడు జెకర్యా దేవదూత ముఖం మీదే అనుమానం పలికాడు. నోరు మూగబోయింది, నిజమే. కానీ కొడుకు పుట్టడం ఆగలేదు, యోహాను పుట్టాడు. లాజరు సమాధి దగ్గర మార్త కూడా అంతే. నాలుగు రోజులైంది, వాసనొస్తుంది ప్రభువా అన్న అర్థంలో మాట్లాడింది. ఇంతకన్నా ‘నెగెటివ్’ మాట ఇంకేముంటుంది? లాజరు బయటికి రానే వచ్చాడు. మన నోటి పొరపాటుకి దేవుడి చెయ్యి ఆగిపోతుందని చెప్తే, పెద్దది దేవుడా మన నాలుకా?

అందరూ ఎత్తి చూపించేది సామెతల గ్రంథం 18వ అధ్యాయంలో నాలుకనీ చావుబతుకుల్నీ ముడిపెట్టిన వచనాన్ని. ఆ ఒక్క వచనం కాదు, అధ్యాయం మొత్తం చదవండి. కొండేలు చెప్పేవాళ్లు, పూర్తిగా వినకుండానే జవాబిచ్చేవాళ్లు, కోర్టులో ముందు మాట్లాడినవాడిదే న్యాయంలా కనబడటం, మనసు విరిగిన తమ్ముడు. అంతా ఇరుగుపొరుగు తగాదాలే. అక్కడ నాలుక చంపేది పక్కవాణ్ణి, బతికించేదీ పక్కవాణ్ణే. రోగం వచ్చినా మనసు గట్టిగా ఉంటే మనిషి తట్టుకుంటాడనీ, ఆ మనసే విరిగితే మోయలేడనీ చెప్పే మాట కూడా అదే అధ్యాయంలో ఉంది. నాకు ఉద్దానం అంతా ఆ ఒక్క వచనంలో కనబడుతుంది. మనసు విరగ్గొట్టే మాటలు ఎవరంటున్నారు మరి? ‘ఆ ఇంట్లో ఇద్దరికి డయాలసిస్సట, ఆ సంబంధం వద్దు’ అనే మనమే.

యాకోబు కూడా అంతే. నాలుక ఓడకి చుక్కానిలాంటిదని, అడవిని తగలబెట్టే నిప్పులాంటిదని మూడో అధ్యాయంలో రాసిన ఆయనే, రెండో అధ్యాయంలో బట్టా తిండీ లేనివాడికి మంచి మాటలు చెప్పి పంపేసేవాళ్లని కడిగిపారేశాడు. ‘మీకోసం ప్రార్థన చేస్తున్నాం అమ్మా’ అని వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మ పెట్టేటప్పుడు నాకు ఆ రెండో అధ్యాయమే గుర్తొస్తుంది. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీద పడుకునే మనిషికి బొమ్మతో పనేముంది?

హిజ్కియా రాజు కథ ఉంది. చచ్చిపోతావని ప్రవక్తే చెప్పాడు. ఆయన ‘లేదు, నేను ఆరోగ్యంగా ఉన్నాను’ అని ప్రకటించలేదు. గోడవైపు తిరిగి ఏడ్చాడు. దేవుడు ఇంకో పదిహేనేళ్లిచ్చాడు. ఇచ్చాక కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. ప్రార్థన, కన్నీళ్లు, మందు, మూడూ ఒక్క గదిలోనే.

పెద్దమ్మ సంగతికొస్తే, ఆవిణ్ణి కదిలించింది ప్రసంగమూ కాదు, నాలాంటి హైదరాబాదు కుర్రాళ్ల లెక్చరూ కాదు. పక్కింటామె ఒకరోజు వచ్చి, ‘అప్పా, నాకూ బయవేస్తంది. రా, ఇద్దరం ఎల్దాం. ముందు నా సెయ్యే ఇస్తానులే’ అందట. అంతే. ఇద్దరూ ఆటో ఎక్కి పలాస వెళ్లారు. అక్కడ ఇప్పుడు 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది, 2023 డిసెంబరులో మొదలైంది. పక్కింటామెకి బాగానే ఉంది. పెద్దమ్మకి 2.8 వచ్చింది.

డయాలసిస్ దాకా ఇంకా రాలేదు. ఉప్పు తగ్గించింది. ఒళ్లునొప్పులకి మెడికల్ షాపులో బిళ్లలు కొని మింగడం మానేసింది. పిక్కలు కొట్టి కొట్టి చేతులు పీకుతుంటే ఆ బిళ్లలే ఆధారమాయె, మానడం అంత సులువు కాలేదు. ప్రార్థన మానలేదు. కాకపోతే ఇప్పుడు ప్రార్థనలో తన నంబరు కూడా చెప్తుందట.

వాళ్ల చిన్న మందిరంలో ఈమధ్య సాక్ష్యాలు అయ్యాక పాస్టరు గారు ఇంకో ప్రశ్న కూడా అడుగుతున్నారు, ఈ వారం ఆసుపత్రికి ఎవరెవరు వెళ్లాలి అని. మొదట్లో ఎవరూ చెయ్యెత్తేవాళ్లు కాదు. సంబంధాల భయం ఊరికే పోతుందా! మొన్న ఫోన్ చేస్తే పెద్దమ్మ చెప్పింది, మంగళవారానికి నలుగురు తేలారట, ఒక ఆటోలో ఇరుక్కుని సరిపోతారట.