సర్దుకుపోయిందనుకుంటే ఎలా?

అమెరికాలో కుక్కనీ పిల్లినీ పెంచినట్టే తొండల్నీ బల్లుల్నీ ఇంట్లో పెంచుకుంటారు. అక్కడున్న మన పిల్లలూ ముచ్చటపడి అడుగుతుంటారు. పెంచడం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. "అన్నీ ఎడారి జీవాలేగా, ఒకే గాజుతొట్టెలో వేసేద్దాం, ఖర్చూ కలిసొస్తుంది" అనుకోవడం మాత్రం అన్యాయం.

ఎడారులన్నీ ఒకటేనా? బియర్డెడ్ డ్రాగన్ అనే గడ్డం తొండది ఆస్ట్రేలియా. ముళ్లతోక యూరోమాస్టిక్స్‌ది ఉత్తర ఆఫ్రికా, అరేబియా వైపు. లెపర్డ్ గెకో అనే మచ్చల బల్లిది అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ ప్రాంతం. గడ్డం తొండకి దీపం కింద సుమారు 40 డిగ్రీల వేడి కావాలి. యూరోమాస్టిక్స్‌కి 50 దాకా ఉండాలి. గెకోకి 32 చాలు. పైగా అది పగలంతా నక్కి పడుకుని పొద్దుగూకాక బయటికొస్తుంది.

తిండి సంగతీ అంతే. గెకోకి పురుగులే ఆహారం, ఆకు ముట్టదు. యూరోమాస్టిక్స్ దాదాపు శాకాహారి. గడ్డం తొండ రెండూ తింటుంది: చిన్నప్పుడు పురుగులెక్కువ, పెద్దయ్యాక ఆకులెక్కువ. నోట పట్టేంత చిన్న బల్లి ఎదురైతే దాన్నీ మింగుతుంది! అన్నిటికీ కలిపి ఒకే పళ్లెంలో పెడితే ఏది ఏం తిన్నదో, ఏది పస్తున్నదో ఎలా తెలుస్తుంది? ఒకదాని మలంలోని క్రిములు ఇంకోదానికి అంటుకునే ప్రమాదమూ ఉంది.

"కొట్టుకోవడం లేదు కదండీ" అంటారు. అసలు మోసం అక్కడే ఉంది. బలమైనది దీపం కింద చోటు ఆక్రమిస్తుంది. బలహీనమైనది మూలకి పోతుంది. వేడి తగలక తిన్నది అరగదు, అరగక తిండి మానేస్తుంది. ఒకదానిమీద ఒకటెక్కి కూర్చుంటే ఎంత స్నేహమో అని ఫొటోలు తీస్తాం. చాలాసార్లు అది వేడి కోసం పోటీయే. చప్పుడు లేకుండా చిక్కిపోతున్నదాన్ని చూసి 'సర్దుకుపోయింది' అనుకుంటాం.

ఇంట్లో గొడవ లేనంత మాత్రాన అందరూ సుఖంగా ఉన్నట్టు కాదని ఆడవాళ్లకి ఒకరు చెప్పాలా? మరి నోరులేని జీవాల విషయంలో మనమే ఎందుకు మరిచిపోవాలి?

ఒక్కో జీవానికి ఒక్కో తొట్టె, దాని దీపం, దాని తిండి. అంత స్థోమత లేకపోతే ఒక్కదానితో ఆగాలి. మన థార్ ఎడారిలో కూడా ముళ్లతోక జీవి ఒకటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టి పెంచడం నేరం.

విదేశాల్లో ఉన్న మనవడో మనవరాలో రెండోది కొనమని మారాం చేస్తే, రెండో తొట్టెకి చోటుందేమో ముందు చూడమని వాళ్లమ్మకి చెప్పండి.