మూత్రవేగాన్ని ఆపవలెనా, అదుపు చేయవలెనా?

చందూర్ నుండి నిజామాబాదుకు బస్సెక్కవలసిన గృహిణి ఆనాడు ఉదయం నుండి మంచినీళ్లు ముట్టదు. పెళ్లికి వెళ్లినా ముందుగా మరుగుదొడ్డి ఎక్కడున్నదో విచారిస్తుంది. చెరకు, వరి పొలాలలో పనిచేసే స్త్రీల అవస్థ చెప్పనక్కరలేదు. మాటిమాటికి తరుముకొచ్చే ఈ మూత్రవేగాన్ని వయసు తెచ్చిన బాధగా భావించి మౌనంగా భరించడం మన ఇళ్లలో అలవాటైపోయింది. ఇది సరికాదని నా అభిప్రాయం.

మూత్రవేగాన్ని నిరోధించరాదని చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయం చెబుతున్నది కదా, మరి ఓర్చుకొమ్మనడం శాస్త్రవిరుద్ధం కాదా అని కొందరు సందేహిస్తారు. నిండిన మూత్రాశయాన్ని గంటల తరబడి బిగబట్టడం ముమ్మాటికీ దోషమే. అయితే మూత్రాశయం సాధారణంగా 300 నుండి 500 మిల్లీలీటర్లు నిలుపగలదు. వెళ్లివచ్చిన అరగంటకే, కొద్దిపాటి మూత్రానికే పుట్టే తొందర నిజమైన వేగం కాదు. అది మూత్రాశయ కండరం అకాలంలో ముడుచుకొనడం. ఎందుకైనా మంచిదని గంటకొకసారి వెళ్లివచ్చే వారిలో ఈ దురలవాటు మరింత ముదురుతుంది.

దీనికి తొలి చికిత్స కండరాల శిక్షణ. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా స్త్రీవైద్యుడు కటితల కండరాల వ్యాయామాన్ని లోకానికి తెలియజేశాడు. మన హఠయోగంలోని మూలబంధానికి ఇది దగ్గరి చుట్టమే. అపానవాయువును ఆపుకొనునట్లు కండరాలను లోపలికి, పైకి బిగించి, కొన్ని క్షణాలు నిలిపి, అంతసేపూ వదలవలెను. శ్వాస బిగబట్టరాదు. పూటకు ఎనిమిది మార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు చేయవలెను. తొందర పుట్టినప్పుడు పరుగెత్తక, నిలుచున్నచోటనే అయిదారుసార్లు చకచకా బిగించి వదలినచో మూత్రాశయం శాంతిస్తుంది. ఆపై వెళ్లే వ్యవధిని క్రమంగా పదిహేనేసి నిమిషాలు పెంచుకొనవలెను. మూత్రం పోయునప్పుడు మధ్యలో ఆపి ఈ అభ్యాసం చేయరాదు.

గృహవైద్యంలో జరిగే ఒక పొరపాటును కూడా చెప్పవలసి ఉన్నది. పల్లేరు కషాయం, బార్లీ నీళ్లు మూత్రాన్ని జారీచేసేవి. తొందరతో బాధపడేవారికి వాటిని పదేపదే త్రాగించడం మంటపై నెయ్యి పోయడమే. టీ, కాఫీ తగ్గించి, మలబద్ధకం లేకుండా చూసుకొనడం మేలు. నీళ్లు మానరాదు, చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని మరింత రేపుతుంది.

మంట, జ్వరం, మూత్రంలో రక్తం, అతిదాహం ఉన్నవారు, ఏబది దాటిన పురుషులు ముందుగా వైద్యపరీక్ష చేయించుకొనవలెను. పొత్తికడుపు క్రింద నొప్పి ఉన్నవారికి ఆ కండరాలు అప్పటికే బిగుసుకొని ఉండవచ్చును. వారు ఫిజియోథెరపిస్టును అడుగక వ్యాయామం ప్రారంభించరాదు.

అమ్మకు మోకాళ్ల నొప్పి అంటే వెంటనే తైలం తెస్తాము. ఈ బాధను గురించి మాత్రం ఆమె చెప్పదు, మనం అడుగము. ముందు ఆ మౌనం వీడవలెను. ఔషధం అక్కడి నుండే మొదలవుతుంది.