పాటలో జాగా ఉంచండి

బతుకమ్మ ఆటలో ముందుండి పాడే ఆమెను గమనించండి. ఆమె ఒక ముక్క అంటుంది, చుట్టూ ఉన్నవాళ్లు ‘ఉయ్యాలో’ అంటారు. ఆ మాట సాగేలోపు ఆమె తర్వాతి ముక్క తలుచుకుంటుంది. గుర్తు రాకపోతే అక్కడికక్కడే కొత్తది కట్టేస్తుంది. చుట్టూ తిరిగేవాళ్లకు పాటంతా రానక్కర్లేదు, ఆ ఒక్క మాట వస్తే చాలు, పాట అందరిదీ అవుతుంది. పాట కట్టడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి బడి లేదు.

నారాయణఖేడ్ వైపు ఇప్పుడు పాటలు రాసే పిల్లలు పెరిగారు. ఫోన్లో పాడి యూట్యూబ్‌లో పెడుతున్నారు. ఆ పాటల్లో దసరా దాటాక చెరుకు నరకడానికి పిల్లాజెల్లాతో కదిలిపోయే తండాలున్నాయి, తాళం వేసిన ఇళ్లున్నాయి, ఇంటి దగ్గర మిగిలిపోయిన ముసలివాళ్లున్నారు. సరుకుకు కొదవ లేదు. జాగాయే లేదు. ప్రతి పాదమూ మాటలతో కిక్కిరిసి ఉంటుంది. పాడేవాడు ఊపిరి తీసుకునే చోటు లేదు, వినేవాడు గొంతు కలిపే చోటు అంతకన్నా లేదు. చెప్పాల్సిందంతా ఒక్క పాటలోనే చెప్పేయాలన్న ఆరాటం వల్ల ఇలా అవుతుంది. ఆ ఆరాటం మంచిదే, కానీ దాన్ని పది పాటలకు పంచాలి.

పని పాటల్లో పాదం ఎంత పొడుగుండాలో పనే చెప్పేది. రోకలి లేచి పడేంత, విసుర్రాయి ఒక చుట్టు తిరిగేంత, కలుపు తీసే చెయ్యి ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పోయేంత. అంతకు మించిన పాదం ఆ పనిలో నిలవదు. మీరు రాసిన పల్లవిని కూర్చుని కాదు, నడుస్తూ పాడి చూడండి. ఎక్కడ అడుగు తడబడితే అక్కడ ఒక మాట ఎక్కువైందన్నమాట.

పాదాన్ని పొట్టిగా ఉంచి పదిమందికి జాగా ఇవ్వడం ఈ నేలకు కొత్తది కాదు. 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. బసవేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో వచనాలు చెప్పిన కల్యాణం కూడా ఆ జిల్లాదే. ఆ బసవని కథను తెలుగులో చెప్పిన పాల్కురికి సోమనాథుడు వృత్తాలను పక్కనపెట్టి ద్విపదను పట్టుకున్నాడు. రెండేసి పాదాల నడక అది. ఒకరు అందిస్తే పదిమంది అందుకోవచ్చు. పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అంటూ జనం పాడుకునేవాటిని పేరుపేరునా చెప్పాడు. అంత పండితుడు ముందు వాటిని చెవిపెట్టి విన్నాడు, ఆ తర్వాతే రాశాడు.

జాగా వినేవాడి గొంతుకే కాదు, మనసుకూ కావాలి. కవి సుద్దాల హనుమంతు పశుల కాపరి పిల్లవాడి మీద కట్టిన పాట దొర మీద తిట్లతో నిండలేదు. ఎదురుగా ఉన్న పసివాణ్ని పలకరిస్తూ, వాడి ఒంటినీ వాడి బతుకునూ చూస్తూ సాగుతుంది. కోపం వినేవాడిలో పుడుతుంది. ఆ కోపానికి జాగా ఉంచడమే కవి పనితనం. పల్లె గోడు చెప్పేటప్పుడు గోరటి వెంకన్న చేసిందీ అదే. ఒక్కో వృత్తి దగ్గరా ఆగి, అక్కడ చల్లబడిన కొలిమినీ పాడుబడిన వామునూ చూపించి ముందుకు పోతాడు.

కవి అందెశ్రీ గొర్లు కాశారు, తాపీ పని చేశారు. బడి చదువు లేదు. ఆయన ‘జయ జయహే తెలంగాణ’ 2024 జూన్ 2న అధికారికంగా రాష్ట్ర గీతమైంది గానీ, అప్పటికే ఏళ్ల తరబడి సభల్లో జనం లేచి నిలబడి పాడుతూనే ఉన్నారు. 2025 నవంబర్ 10న ఆయన పోయారు. కాగితం కన్నా ముందు నోట్లో పుట్టిన పాట ఎంత దూరం పోగలదో చూపించి పోయారు.

ఇక భాష. నారాయణఖేడ్ మాటలో తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ కలిసి పలుకుతాయి. మన పిల్లలు పాట రాసేటప్పుడు ఆ మాటను వదిలేసి, ఎక్కువమంది చూసిన పాటల యాసను అరువు తెచ్చుకుంటున్నారు. ఇది మాకు బాధ కలిగిస్తోంది. దగ్గర్లోనే ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో 2008 నుంచి సంఘం రేడియో నడుస్తోంది. నడిపేది దళిత రైతు మహిళలు. వాళ్లు విత్తనాల మీదా పంటల మీదా తమ మాటలోనే పాడతారు. ఎవరి యాసా అరువు తెచ్చుకోలేదు. వలస పోయే అమ్మ ఇంట్లో ఏ మాటతో పిల్లవాణ్ని పిలుస్తుందో ఆ మాటే మీ పల్లవిలో పడనివ్వండి.

మాకు పాట పంపేవాళ్లు కాగితంతో పాటు ఇంకో సంగతి కూడా రాసి పంపండి. ఆ పాటను ఏ పని చేస్తూ, ఎవరెవరితో కలిసి పాడి చూశారు, ఎక్కడ వాళ్లు మీకన్నా ముందే అందుకున్నారు?