సముద్రం కింద కరచాలనం!

ఇటు ఇంగ్లండ్, అటు ఫ్రాన్స్. మధ్యలో సముద్రం. దాని అడుగున రెండువైపుల నుంచీ సొరంగం తవ్వుకుంటూ వస్తే నడిమధ్య కలుస్తారా? గురి తప్పితే పడ్డ కష్టమంతా మట్టిపాలే! తీరా చూస్తే పక్కకి వచ్చిన తేడా మూరెడైనా లేదు... 36 సెంటీమీటర్లే. 1990 డిసెంబరు 1న సుద్దరాతి గోడకు కంత పెట్టి ఇద్దరు కార్మికులు, గ్రాహం ఫాగ్, ఫిలిప్ కొజెట్, చేతులు కలిపారు. నిజానికి 1880ల్లోనే తవ్వకం మొదలైంది. ఈ దారిన శత్రుసైన్యం దిగిపోతుందేమోనన్న భయంతో బ్రిటన్ ఆపేయించింది. 1994లో మొదలైన ఛానల్ టన్నెల్ పొడవు 50 కిలోమీటర్లు. అందులో 38 సముద్రం కిందే. దీనికోసం పదిమంది కార్మికులు ప్రాణాలొదిలారు. సముద్రం కింద తవ్విన ఇంగ్లండ్ యంత్రాలూ బయటికి రాలేదు. దారి మళ్లించి అక్కడే పాతేశారు.